మామిడి సీమలో గుర్తుల మార్పు

నూజివీడు సీమలో మామిడి కోతయు, శాసనసభ ఎన్నికలును ఇంచుమించు ఒకే ఋతువున వచ్చును. 2014లో మే 7వ తేదీన, 2019లో ఏప్రిల్ 11వ తేదీన, 2024లో మే 13వ తేదీన ఇచటి జనులు ఓటు వేసిరి. ఆ దినములలో ఆగిరిపల్లి మొదలు చాట్రాయి వరకు తోటలలో చిక్కము కట్టిన గడలతో కూలివారు కాయ దింపుచుందురు. బంగినపల్లియు, ఇచటివారు కలెక్టరు కాయ అని పిలుచు తోతాపురియు లారీల కెక్కి విజయవాడ చేరువనున్న నున్న మార్కెట్టుకు సాగిపోవుచుండును. చిన్న రసాలు, పెద్ద రసాలు ఇండ్లలో వరిగడ్డి నడుమ మగ్గుచుండును. ఆ సందడి మధ్యనే మైకులు, కండువాలు, జెండాలు. ఉదయము కాయ కోసినవాడే సాయంకాలము సభలో జెండా పట్టుకొని కూర్చుండును. రెండు చోట్లను కూలి ముట్టునని గిట్టనివారు చెప్పుదురు గాని, ఆ మాట ప్రస్తుతము మనకు అక్కరలేదు.

తోటలకును ఎన్నికలకును గల అసలు పోలిక కోత నాటిది కాదు, పూత నాటిది. చలికాలము చివర మామిడి పూత పట్టును. ఆ పూతను చూచియే వర్తకుడు తోటను గుత్తకు తీసికొనును. పూసినదంతయు నిలువదని అతనికి తెలియును. తేనెమంచు పురుగు పట్టవచ్చును, పొగమంచు మాడ్చవచ్చును, పిందె కట్టిన తరువాత ఒక్క గాలివానకు సగము నేల రాలవచ్చును. ఇన్ని సందేహములున్నను అతడు బేరము చేయును. ఆ బేరమే అతని వృత్తి. రైతును కాపు పూర్తియగు వరకు ఆగలేడు, అప్పు తీర్చవలెను గనుక. మన రాజకీయ పక్షములు టిక్కెట్ల బేరము జరుపునదియు సరిగా ఆ కాలముననే. 2024లో కూడ అట్లే జరిగినది. జనవరి, ఫిబ్రవరి నెలలలో తోటలు పూతమీద నుండగా, పక్షములు తమ సర్వేలను ముందు బెట్టుకొని ఎవరి తల నిలుచునో, ఎవరి తల రాలునో లెక్కలు కట్టుచుండెను.

ఆ లెక్కలలోని ఒక కథ నూజివీడుకు సంబంధించినది. దానిని పాఠశాలలలో పౌరశాస్త్రము చెప్పు అయ్యవార్లు తెలిసికొనుట మంచిది. విద్యార్థులు పాఠ్యగ్రంథములో పదవ షెడ్యూలు అను మాటను చదువుదురు. దాని వెనుకనున్న మనుష్యులు ఆ గ్రంథములో కనబడరు.

కొలుసు పార్థసారథి కృష్ణాజిల్లా రాజకీయములలో కొత్తవారు కారు. 2004లో ఉయ్యూరు నుండి కాంగ్రెసు అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికైరి. తరువాత నియోజకవర్గముల పునర్విభజనలో ఉయ్యూరు అను నియోజకవర్గమే మాయమై, పెనమలూరు అను కొత్తది ఏర్పడినది. 2009లో అచట నుండి మరల కాంగ్రెసు పక్షముననే గెలిచి, మాధ్యమిక విద్యాశాఖ మంత్రిగా కూడ పనిచేసిరి. రాష్ట్ర విభజనతో ఆంధ్రప్రదేశములో కాంగ్రెసు కూలిపోగా, 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున బందరు లోకసభ స్థానమునకు నిలిచి ఓడిరి. 2019లో అదే పక్షమున, అదే ఫ్యాను గుర్తుపై పెనమలూరు నుండి గెలిచిరి. ఆ యెన్నికలో ఆ పక్షమునకు 175 స్థానములలో 151 లభించినవి.

అయిదేండ్లు గడచునప్పటికి పక్షము తన శాసనసభ్యులలో పలువురిని ఉన్నచోటి నుండి కదల్చుటకు నిశ్చయించినది. కొందరికి స్థానము మారినది. కొందరికి స్థానమే లేకుండ పోయినది. పెనమలూరునకు పెడన శాసనసభ్యుడును మంత్రియు నైన జోగి రమేష్‌ను పంపిరి. ఇక పార్థసారథి ఎదుట నిలిచిన ప్రశ్న కఠినమైనదే. పక్షమునే నమ్ముకొని ఊరకుండుటయా, ఇచ్చిన చోటికి పోవుటయా, లేక పక్షమునే విడుచుటయా? ఆయన మూడవ దారిని ఎన్నుకొని తెలుగుదేశమున చేరిరి. అయితే అచటను పెనమలూరు ఖాళీగా లేదు. 2014లో అచట గెలిచి, 2019లో ఈయన చేతిలోనే ఓడిన బోడె ప్రసాద్ తెలుగుదేశము పక్షమున అయిదేండ్లు కనిపెట్టుకొని యుండిరి. ఆ టిక్కెట్టు ఆయనకే దక్కినది. పార్థసారథికి నూజివీడు లభించినది.

నూజివీడులో ఆయనకు ప్రత్యర్థి మేకా వెంకట ప్రతాప్ అప్పారావు. ఈయన నూజివీడు జమీందారుల వంశమువారు. ఆ వంశమునకు చెందిన మేకా రంగయ్య అప్పారావు ఒకప్పుడు ఈ సీమకు ప్రతినిధిగాను, రాష్ట్ర మంత్రిగాను ఉండి, అటుపిమ్మట 1974 నుండి 1980 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. ప్రతాప్ అప్పారావు 2004లో కాంగ్రెసు పక్షమున గెలిచి, 2009లో ఓడి, 2014లోను 2019లోను వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున గెలిచినవారు. చదువరులు ఒక్క క్షణము ఆగి ఈ రెండు జీవిత చరిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. 2004లో ఇద్దరును కాంగ్రెసు శాసనసభ్యులు. 2019లో ఇద్దరును ఒకే గుర్తుపై గెలిచి శాసనసభలో ఒకే వైపు కూర్చున్నవారు. 2024లో ఒకరిది ఫ్యాను, ఒకరిది సైకిలు. నూజివీడు ఓటరు నిర్ణయింపవలసి వచ్చినది రెండు సిద్ధాంతముల మధ్యనా, ఇద్దరు మనుష్యుల మధ్యనా, లేక రెండు గుర్తుల మధ్యనా? తీర్పు మాత్రము స్పష్టముగా వచ్చినది. పార్థసారథి గెలిచిరి, ఆ జూన్ నెలలో ఏర్పడిన మంత్రివర్గమున గృహనిర్మాణ, సమాచార శాఖల మంత్రియైరి. రాష్ట్రములో తెలుగుదేశమునకు 135 స్థానములు వచ్చినవి. అంతకు ముందు 151 గెలిచిన పక్షమునకు 11 మిగిలినవి.

పక్షము మారినవానిని నిందించుట సులభము. మన ఊళ్లలో అరుగుల మీద ఆ పని ప్రతిదినము జరుగుచునే యున్నది. నిందించుటకు ముందు ఆ నిర్ణయము ఎట్లు పుట్టునో చూడవలసి యున్నది. శాసనసభ్యుడొక్కడుగా నుండడు. అతని వెనుక ప్రతి గ్రామమునను పదిమందియో ఇరువదిమందియో ఉందురు. వారిలో మాజీ సర్పంచులు, చిన్న కంట్రాక్టర్లు, సహకార సంఘముల పెద్దలు, ఏ పదవియు లేకున్నను పెండ్లికి, చావుకు ముందు నిలుచువారు ఉందురు. నాయకుడు అయిదేండ్లు పదవి లేక యున్నచో వారిలో సగముమంది వేరొక నీడ వెదకికొందురు. వారి బిల్లులు ఆగును. వారి మీద కేసులు తెగవు. వారి మాట మండల కచేరీలో చెల్లదు. ఈ స్థితిలో నాయకుడు ఆలోచించునది తన కుర్చీ గురించి మాత్రమే కాదు. తన్ను ఆశ్రయించినవారి ఒత్తిడియే తరచుగా అతనిని గడప దాటించుచుండును. ఎన్నికకు పెట్టిన అప్పులు కూడ ఒక కారణమని వేరుగ చెప్పనక్కరలేదు.

మరొక సంగతియు కలదు. పక్షమే మనిషిని ఒక తోట నుండి పెరికి వేరొక తోటలో నాటునప్పుడు, పెడన మనిషిని పెనమలూరుకును, ఒక జిల్లా మంత్రిని మరొక జిల్లాకును పంపునప్పుడు, మనిషి తనంత తానుగా పక్షమును మార్చుటను మాత్రమే మహాపాతకముగ నెంచుట న్యాయముగ తోపదు. ఇరువురును ఓటరును సంప్రదింపలేదు. పక్షము సర్వేను చూచినది. అభ్యర్థి పక్షమును చూచెను.

అయితే ఇందులో నష్టపోవువా డొకడు కలడు, వానిని గురించి పత్రికలు వ్రాయవు. వాడు ఆ పక్షపు పాత కార్యకర్త. మామిడి అంటు కట్టుట చూచినవారికి ఇది తేలికగ బోధపడును. టెంక నుండి మొలచిన మొక్క వేరుగా నుండును. దానిపై మనము కోరిన రకపు కొమ్మను అతికింతురు. ముదిరిన నాటుచెట్టును సయితము తల కోసి, కొత్త చివురుపై మేలురకపు కొమ్మ నంటుగట్టి మార్చుట కలదు. నీరు తోడునది పాత వేరే. కాయ మాత్రము కొత్త కొమ్మ రకమునే కాయును. పదియేండ్లు జెండా మోసి, కేసులు భరించి, ఓడిన ఎన్నికలలో సొంత సొమ్ము పోగొట్టుకొన్న కార్యకర్త ఒకనాటి ఉదయమున పత్రిక విప్పి, నిన్నటివరకు తన్ను ఎదిరించిన పక్షపు మనిషియే నేటినుండి తన నాయకుడని చదువుకొనును. వాడు చేయగలిగినది మూడే. ఊరకుండును, లేదా తానును పక్షము మారును, లేదా లోలోపల ఓడించుటకు పాటుపడును. మొదటి పనిని చేయువారే ఎక్కువ. వారి ఓర్పుపై మన పక్షములన్నియు నిలిచియున్నవి.

ఈ సంచారము నిన్న మొన్న పుట్టినది కాదు. ఆంధ్రదేశ చరిత్రలో పెద్దలనదగిన వారే పక్షములు విడిచిరి. టంగుటూరి ప్రకాశము పంతులు 1951లో కాంగ్రెసును విడిచి కృపలానీ ప్రభృతులతో కూడి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమును నెలకొల్పిరి. 1953 అక్టోబరు 1వ తేదీన అవతరించిన ఆంధ్ర రాష్ట్రమునకు కాంగ్రెసు తోడ్పాటుతో ప్రథమ ముఖ్యమంత్రియైరి. ఆచార్య రంగా కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పక్షమును పెట్టి, 1955 ఎన్నికలలో కాంగ్రెసుతో కలిసి కమ్యూనిస్టుల నెదిరించి, మరల 1959లో స్వతంత్ర పక్షమునకు స్థాపకాధ్యక్షులై, చివరకు తిరిగి కాంగ్రెసునకే చేరిరి. వీరిని నేటి ఫిరాయింపుదారులతో సమానులనుట తప్పు. ఏలయన, వారు పోయిన చోట పదవి సిద్ధముగా లేకుండెను. స్వతంత్ర పక్షము పెట్టిన నాడు రంగాగారికి నెహ్రూ మంత్రివర్గమున చోటు దొరకునని ఎవ్వరును అనుకొనలేదు. సహకార వ్యవసాయముపై కాంగ్రెసు చేసిన తీర్మానము తనకు సమ్మతము కాదని చెప్పి, అధికారమున్న ఇంటి నుండి అధికారము లేని ఇంటికి ఆయన నడిచిరి. పక్షాంతరమును తూచుటకు నాకు తెలిసిన త్రాసు ఇదియే. మనిషి ఏ వైపు నడచుచున్నాడు, ఎండలోనికా నీడలోనికా అని చూచినచో చాలవరకు సంగతి తేలిపోవును.

1967 తరువాత దేశమున నీడలోనికి నడచువారి సంఖ్య మెండైనది. హర్యానాలో గయాలాల్ అను శాసనసభ్యుడు పదునైదు దినములలో మూడుమారులు పక్షము మార్చి, ఆయారామ్ గయారామ్ అను నానుడికి కారకుడయ్యెను. ఆ విషయమును పరిశీలించుటకు కేంద్ర హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1969లో తన నివేదిక నిచ్చినది. రాష్ట్రములలో పక్షము మారిన 210 మందిలో 116 మందికి, తాము నిలబెట్టిన ప్రభుత్వములలోనే మంత్రి పదవులు లభించినవని ఆ సంఘము తేల్చినది. అంటే సగమునకు మించినవారికి ఫలము వెంటనే చేతి కందినదన్నమాట. మామిడి అంటుకైనను అయిదేండ్లు ఆగవలసి యుండును!

1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వము 52వ సవరణచే రాజ్యాంగమునకు పదవ షెడ్యూలును చేర్చినది. ఒక గుర్తుపై గెలిచి ఆ పక్షమును స్వచ్ఛందముగ విడిచినవాడును, పక్షాదేశమును ధిక్కరించి ఓటు వేసినవాడును సభ్యత్వమునకు అనర్హుడు. కాని మూడవ వంతు మంది కలిసి విడిపోయినచో దోషము లేదని అప్పుడొక కిటికీ తెరిచియుంచిరి. ఒక్కడు పోయినచో ద్రోహి, పలువురు పోయినచో చీలిక. 2003లో 91వ సవరణ ఆ కిటికీని మూసి, మూడింట రెండు వంతుల విలీనము అను తలుపును మాత్రము మిగిల్చినది. తీర్పు చెప్పు అధికారము స్పీకరుదే. ఆయన తీర్పును న్యాయస్థానములు సమీక్షింపవచ్చునని సుప్రీంకోర్టు 1992లో చెప్పినది. సాధారణముగ మూడు నెలలలో తేల్చవలెనని 2020లో చెప్పినది. 

చట్టము నడచిన తీరు చూడుడు. 2014కును 2019కిని మధ్య వై.ఎస్.ఆర్. కాంగ్రెసు శాసనసభ్యులు 23 మంది తెలుగుదేశమున చేరిరి. వారిలో నలుగురు 2017లో మంత్రులు కూడ నైరి. వారెవ్వరి సభ్యత్వమును పోలేదు. 2019లో తెలుగుదేశమునకు దక్కినవి సరిగా 23 స్థానములే. ఆ అంకెను గూర్చి గ్రామములలో ఎన్ని ఛలోక్తులు పుట్టెనో లెక్కలేదు. తరువాతి సభలో ఇటునుండి అటు, అటునుండి ఇటు పోయినవారు కలరు. నలుగురు ఒక పక్షమువారిని, నలుగురు వేరొక పక్షమువారిని స్పీకరు అనర్హులుగా ప్రకటించిరి. అది 2024 ఫిబ్రవరి చివర. ఎన్నికల ప్రకటనకు అప్పటికి మూడు వారములైనను లేదు. కాపు అయిపోయిన తోటకు కాపలా పెట్టినట్లయినది. ఎన్నికల ముంగిట పక్షము మార్చువానికి ఈ చట్టము వలన భయమేమియు లేదని దీనివలన తెలియుచున్నది. భయమున్నచో అది ఓటరు వలననే యుండవలెను.

ఇచటనే నూజివీడు కథలో నాకు నచ్చని అంశ మొకటి కలదు. పార్థసారథి ఎన్నికకు ముందే, బహిరంగముగ, పక్షము మారిరి. గెలిచిన మరునాడు మారలేదు. ఆ మేరకు అది మేలైన పద్ధతియే. కాని 2019లో ఫ్యాను గుర్తు చూచి ఆయనకు ఓటు వేసినవారు పెనమలూరువారు. గుర్తు మార్చిన ఆయనను గూర్చి తీర్పు చెప్పు అవకాశము వారికి రాలేదు. తీర్పు చెప్పినవారు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములవారు. వారు ఆయనకు అంతకు ముందు ఓటు వేసియు నెరుగరు, వేయకయు నెరుగరు. ఇది ఆయన కోరి తెచ్చుకొన్నది కాదు, టిక్కెట్ల సర్దుబాటు వలన వచ్చినది. అయినను, అప్పు ఇచ్చినవాని ఎదుట కాక వేరొకని ఎదుట లెక్క చెప్పినట్లున్నది.

అప్పు ఇచ్చినవాని ఎదుటనే లెక్క చెప్పిన ఉదాహరణము కావలెనన్న 1948 నాటి ఉత్తరప్రదేశమునకు పోవలెను. ఆ నాటికి అది సంయుక్త రాష్ట్రము. సోషలిస్టులు కాంగ్రెసును విడిచినప్పుడు ఆచార్య నరేంద్రదేవ్, ఆయన సహచరులును తమ శాసనసభా స్థానములకు రాజీనామా చేసిరి. కాంగ్రెసు పేర గెలిచిన స్థానములను కాంగ్రెసు విడిచి అట్టిపెట్టుకొనుట తగదని వారి మతము. వారిని నిర్బంధించు చట్టమేదియు అప్పుడు లేదు. నరేంద్రదేవ్ ఫైజాబాదు నుండి మరల నిలిచి ఓడిరి. ఆంగ్లదేశమునను ఇట్టి చట్టము లేదు. చర్చిల్ 1904లో కన్సర్వేటివుల బల్లలనుండి లేచి లిబరలుల వైపున పోయి కూర్చుండి, ఇరువదియేండ్లకు తిరిగి వచ్చెను. అయినను 2014లో ఇద్దరు కన్సర్వేటివు సభ్యులు పక్షము విడిచినప్పుడు రాజీనామా ఇచ్చి, తమ స్థానములలోనే ఉపఎన్నికలకు నిలిచి, ఇద్దరును గెలిచిరి.

మన చేరువలోనే, నూజివీడునకు పొరుగున, గన్నవరమున యాదృచ్ఛికముగ ఇట్టి పరీక్ష జరిగినది. 2019లో అచట తెలుగుదేశము అభ్యర్థి వల్లభనేని వంశీ, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి యార్లగడ్డ వెంకటరావు. వంశీ గెలిచిరి, 838 ఓట్ల తేడాతో. గెలిచిన కొలది నెలలకే ఆయన తన పక్షమునకు దూరమై అధికారపక్షమునకు మద్దతు పలికిరి. అంత ఆ పక్షమున తనకు చోటు లేకపోయిన వెంకటరావు, కొంతకాలము చూచి తెలుగుదేశమున చేరిరి. 2024లో మరల ఆ యిద్దరే, ఆ ఊళ్లలోనే, ఒకరి గుర్తుపై ఒకరు నిలిచిరి. మనుష్యులు వారే, ఓటర్లును వారే, గుర్తులు మాత్రము తారుమారు. అప్పటి గాలి బలమైనదగుటచే ఓటర్లు మనిషిని చూచిరో, గుర్తును చూచిరో విడదీసి చెప్పుట కష్టము. లెక్క మాత్రమిది: ఈ మారు వెంకటరావు గెలిచిరి, 37,628 ఓట్ల తేడాతో.